వాయిదా అలవాటును ఆన్‌లైన్ ఆత్మపరిశీలన కోర్సుతో మార్చుకోవడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

చేయవలసిన పనిని పదేపదే వాయిదా వేసే మనిషిని చూసి మన ఇళ్లలో ముందుగా అనే మాట బద్ధకం. చాలా సందర్భాల్లో ఆ నింద అన్యాయమైనది. పరిశోధన గ్రంథంలో ఒక అధ్యాయం రాయవలసిన విద్యార్థి దాన్ని తప్పించుకునే రోజుల్లో ఖాళీగా కూర్చోడు. అల్మారా సర్దుతాడు, తమ్ముడి దరఖాస్తు నింపిపెడతాడు, అడిగినవారికల్లా సాయం చేస్తాడు, ఆ ఒక్క ఫైలును మాత్రం తెరవడు. మనిషి విడిచిపెట్టవలసిన ఆరు దోషాలను ధృతరాష్ట్రుడికి చెప్పినప్పుడు విదురుడు సోమరితనాన్నీ, పనిని సాగదీసే దీర్ఘసూత్రతనూ వేర్వేరుగా లెక్కించాడు, అదే వరుసలో భయాన్ని కూడా చేర్చాడు. ఈ మూడింటినీ విడివిడిగా చూడగలగడం దగ్గరే అసలు చికిత్స మొదలవుతుంది.

కాల్గరీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పియర్స్ స్టీల్ 2007లో ఈ అంశంపై అప్పటివరకు వచ్చిన పరిశోధనలను సమీక్షిస్తూ ఒక నిర్వచనం ఇచ్చారు. ఆలస్యం చేస్తే తనకే నష్టమని తెలిసి కూడా, తాను చేయదలచుకున్న పనిని తనంతట తానే వెనక్కి నెట్టడం వాయిదా అని దాని సారాంశం. జ్వరం వచ్చి ఆగిన పని, ఇంకా ముఖ్యమైన పని వచ్చిపడి ఆపిన పని దీని కిందికి రావు. 2013లో ఫ్యూషియా సిరోయిస్, టిమొతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకొంచెం లోతుకు వెళ్లారు. వాయిదా వేసే క్షణంలో మనిషి ఆ పనిని తలచుకోగానే కలిగే చేదు భావం నుంచి తప్పుకుంటున్నాడని, అప్పటికి మనసును కుదుటపరచుకోవడం కోసం రేపటి తనకు భారం పెంచుతున్నాడని వారు వివరించారు. తప్పుకోగానే ఊరట కలుగుతుంది. ఆ ఊరట బహుమతిలా పనిచేసి, మరుసటిసారి కూడా అదే దారి పట్టిస్తుంది.

ఈ మార్గదర్శిలో చెప్పబోయేదంతా దాని మీదే నిలబడి ఉంది. మీ సమస్య భావాన్ని తప్పించుకోవడం అయినప్పుడు, కొత్త ప్లానర్ కొన్నా, ఇంకో టైమ్‌టేబుల్ గోడకు అంటించినా వారం పది రోజులకు మించి ఫలితం ఉండదు. తప్పించుకునే ఆ క్షణాన్ని పట్టుకుని, అందులో ఏముందో రాసుకుని, దానికి తగిన చిన్న చర్య తీసుకోవడం నేర్పే కోర్సు అయితే ఉపయోగపడుతుంది. ఇలాంటిది ఇంటర్నెట్ ద్వారా సాధ్యమేనా అన్న సందేహానికి స్వీడన్ నుంచి ఒక సమాధానం ఉంది. అలెగ్జాండర్ రోజెంటాల్, ఆయన సహచరులు 150 మందితో పది వారాల ఆన్‌లైన్ కార్యక్రమం నడిపి 2015లో ఫలితాలు ప్రచురించారు. చికిత్స కోసం వేచి ఉన్నవారితో పోలిస్తే, నిపుణుడి సలహాతో చేసినవారిలోనూ సొంతంగా చేసినవారిలోనూ వాయిదా తగ్గింది. అది ప్రవర్తనా చికిత్స పద్ధతిలో నడిచిన కార్యక్రమమే తప్ప కేవలం డైరీ రాయడం కాదు. కాబట్టి గమనించడంతో ఆగకుండా చర్య వరకు తీసుకువెళ్లే కోర్సునే వెతకాలి.

మొదటి అడుగు: కోర్సు కంటే ముందు పనిని ఎంచుకోండి

చాలామంది "నేను మారాలి" అని కోర్సులో చేరతారు. అది చాలా పెద్ద మాట, చేతికి దొరకదు. మీ జీవితంలో ప్రస్తుతం ఆగి ఉన్న ఒకే ఒక్క పనిని కాగితం మీద రాసి, కోర్సు మొత్తాన్ని ఆ పని మీద నడపండి. ఆ పనికి మూడు లక్షణాలు ఉండాలి. అది మీరు నిజంగా చేయదలచుకున్నదై ఉండాలి, ఆలస్యమైతే మీకో మీ ఇంటివారికో నష్టం కలగాలి, రెండు నెలల్లో ఏదో ఒక కొలిక్కి రాగలిగినదై ఉండాలి. ఇతరుల ఒత్తిడి వల్ల ఒప్పుకుని, లోపల ఇష్టం లేని పనిని ఎంచుకుంటే కోర్సు ఫలించదు. ఆ పని గురించి ముందు ఆ ఇతరులతో మాట్లాడవలసి ఉంటుంది.

ఈ వ్యాసమంతటా రెండు ఉదాహరణలు వాడుకుందాం. ఒకరు పిహెచ్‌డి మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయిన పరిశోధక విద్యార్థిని. ఇంకొకరు తండ్రి చనిపోయాక ఆయన పేరున ఉన్న పొలాన్ని విరాసత్ కింద తమ పేర్లకు మార్పించుకోవలసిన తెలంగాణ రైతు కుటుంబంలోని పెద్దకొడుకు. ఇద్దరూ ఊహించుకున్న వ్యక్తులే అయినా, ఇలాంటివారు ప్రతి ఊళ్లో ఉంటారు. రెండో పని చూడడానికి చిన్నది. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, పాసుపుస్తకం పట్టుకుని మీసేవ కేంద్రానికి వెళ్తే మొదలవుతుంది. అయినా అది ఏళ్ల తరబడి బీరువాలోనే ఉండిపోయిన ఇళ్లు ఎన్నో.

రెండో అడుగు: కోర్సును జాగ్రత్తగా ఎంచుకోండి

ఆన్‌లైన్ కోర్సులో చేరడం ఎంత సులువో వదిలేయడం అంతకంటే సులువు. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఎడెక్స్ వేదిక మీద నడిపిన కోర్సుల సమాచారాన్ని పరిశీలించి జస్టిన్ రైక్, హోసే రుయిపెరెజ్ వలియంటే 2019లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. 2017-18లో అందులో చేరినవారందరిలో కోర్సు పూర్తిచేసినవారు 3.13 శాతం మాత్రమే. వాయిదా అలవాటు ఉన్న మనిషికి ఈ అంకె మామూలు హెచ్చరిక కాదు. అతడు కోర్సును కూడా వాయిదా వేస్తాడు. లేదా అంతకంటే ప్రమాదకరంగా, అసలు పనిని తప్పించుకోవడానికి కోర్సునే ఆశ్రయిస్తాడు. రాత్రి రెండు గంటలపాటు వాయిదా గురించి వీడియోలు చూసి, అధ్యాయం తెరవకుండా నిద్రపోయి, ఏదో సాధించామనుకునే స్థితి అది.

అందుకని డబ్బు కట్టేముందు ఆ కోర్సులోని ఒక అభ్యాసాన్ని చూపించమని అడగండి. మీరు స్వయంగా రాయవలసిన ప్రశ్నలు ప్రతి వారం ఉండాలి. వారానికి ఒక నిర్ణీత తేదీ ఉండాలి, "జీవితాంతం ఎప్పుడైనా చూసుకోవచ్చు" అన్న సౌకర్యం ఈ సమస్య ఉన్నవారికి మేలు చేయదు. మీరు రాసినదాన్ని కనీసం రెండు వారాలకోసారి ఒక మనిషి చదివి బదులివ్వాలి. మీ రాతలను ఎవరెవరు చూస్తారో, కోర్సు అయ్యాక వాటిని ఏం చేస్తారో నిర్వాహకులు స్పష్టంగా చెప్పాలి. ఆరు నుంచి పది వారాల వ్యవధి సరిపోతుంది. ఇరవై ఒక్క రోజుల్లో జీవితం మారిపోతుందని హామీ ఇచ్చే ప్రకటనను అక్కడే వదిలేయండి.

డబ్బు పెట్టే స్థితి లేనివారు నిరుత్సాహపడనవసరం లేదు. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆరోగ్య విభాగం కింద నడిచే సెంటర్ ఫర్ క్లినికల్ ఇంటర్వెన్షన్స్ వాయిదా మీద రాసిన అభ్యాస పాఠాలను ఉచితంగా అందుబాటులో ఉంచింది. బార్బరా ఓక్లీ, టెరెన్స్ సెజ్నోవ్‌స్కీ కలిసి కోర్సెరాలో నడిపే, నేర్చుకోవడాన్ని నేర్పే ప్రసిద్ధ కోర్సులో కూడా వాయిదాకు ప్రత్యేక భాగం ఉంది. ఇవి ఇంగ్లిష్‌లో ఉన్నా మీరు తెలుగులోనే రాయవచ్చు. నా అభిప్రాయంలో అలాగే రాయాలి. "గుబులు", "చిరాకు", "బిడియం", "ఉసూరుమనడం" వంటి మాటలు మన అనుభవానికి ఎంత దగ్గరగా వెళ్తాయో, బడిలో నేర్చుకున్న భాషలోని మాటలు అంత దగ్గరగా వెళ్లవు. మీ ఇంట్లో మాట్లాడే యాసలోనే రాసుకోండి, అక్షరదోషాల గురించి ఆలోచించకండి.

మూడో అడుగు: రాసే చోటును, సమయాన్ని కుదుర్చుకోండి

రోజుకు పావుగంట చాలు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ మనసులోని బాధను రాయించి చేసిన తొలి ప్రయోగంలో కూడా విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలే రాశారు. రోజూ తప్పకుండా జరిగే ఏదో ఒక పనికి ఈ పావుగంటను ముడిపెట్టండి. రాత్రి భోజనం చేసి కంచం కడిగిన వెంటనే అనో, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చోగానే అనో నిర్ణయించుకుంటే సరిపోతుంది. ఇంట్లో ఒకే ఫోన్‌ను నలుగురు వాడుతున్నా, మీ రాతలు ఎవరైనా చదువుతారన్న జంకు ఉన్నా, నోటుపుస్తకంలో రాసి కోర్సుకు అవసరమైన నాలుగు వాక్యాలు మాత్రమే ఆన్‌లైన్‌లో పెట్టండి. జంకుతో రాసినదానిలో నిజం ఉండదు.

నాలుగో అడుగు: మొదటి వారం ఏమీ మార్చకుండా గమనించండి

ఈ వారమే కోర్సుకు పునాది, అందరికీ కష్టమైన వారం కూడా ఇదే. చేరిన ఉత్సాహంలో వెంటనే మారిపోవాలనిపిస్తుంది. మారకండి. ఎప్పటిలాగే వాయిదా వేయండి, వేసిన ప్రతిసారీ ఐదు విషయాలు మాత్రం రాయండి. అప్పుడు సమయం ఎంత, చేయవలసిన పనిలో ఏ భాగం ఎదురైంది, ఒంట్లో ఏమనిపించింది, మనసులో మీకు మీరు ఏం చెప్పుకున్నారు, దాని బదులు ఏం చేశారు. వీలైనంత వరకు అది జరిగిన గంటలోపే రాయాలి. మరునాటికి మనసు ఆ జ్ఞాపకాన్ని మర్యాదగా సర్దేస్తుంది.

మన పరిశోధక విద్యార్థిని రాసింది ఇలా ఉండవచ్చు: "రాత్రి 8.40. మూడో అధ్యాయం ఫైలు తెరిచాను. పోయినసారి గైడ్ గారు ఎర్ర గీతలు పెట్టిన పేజీ ముందుకొచ్చింది. కడుపులో తిప్పినట్టయింది. ముందు రిఫరెన్సులు సరిచేద్దాం, అవి అయితే రాయడం తేలిక అనుకున్నాను. 9.50 దాకా రిఫరెన్సుల వరుస మార్చుతూ కూర్చున్నాను."

పెద్దకొడుకు రాసింది ఇలా ఉండవచ్చు: "ఆదివారం పొద్దున. బీరువాలోంచి నాయిన పాసుపుస్తకం తీసిన. మొదటి పేజీల ఫొటో ఉన్నది. గొంతు పట్టినట్టయింది. ఇప్పుడు ఆఫీసుల మంది ఎక్కువ ఉంటరు, పండగైనంక పోదాం అనుకుని మళ్ల లోపల పెట్టిన. తర్వాత మోటరు బాగుచేయిద్దామని మెకానిక్ దగ్గరికి పోయిన."

ఈ రెండు రాతలనూ నిదానంగా చూడండి. మొదటిదానిలో "ముందు రిఫరెన్సులు సరిచేద్దాం" అన్న వాక్యం పైకి ఎంతో సమంజసంగా ఉంది. గైడ్ గారే విన్నా తప్పు పట్టరు. కానీ దానికి సరిగ్గా ఒక క్షణం ముందు కడుపులో తిప్పింది. ఆ క్రమమే ముఖ్యం. శరీరం ముందు వెనకాడింది, మనసు ఆ తరువాత ఒక కారణాన్ని వెతికి ఇచ్చింది. రెండోదానిలో పండగ అయ్యాక ఆఫీసులో జనం తగ్గుతారన్నది నిజమే కావచ్చు. అయినా అతడిని ఆపింది జనం కాదు, ఫొటో. ఐదింటిలో ఒంటి సంగతిని వదిలేసి రాసి ఉంటే ఇద్దరికీ తమ సాకు మాత్రమే కనబడేది, సాకును సరిచేయడానికే పూనుకునేవారు. అందుకే కోర్సు ఇచ్చే పట్టికలో శరీర అనుభూతికి చోటు లేకపోతే మీరే ఒక గడి గీసుకోండి.

వారంలో ఒకటి రెండు రోజులు రాయడం మరిచిపోవడం సహజం. నాలుగైదు రాతలు దొరికినా ముందుకు వెళ్లడానికి చాలు.

ఐదో అడుగు: రాసినదాన్ని చదవండి, కానీ అందులో మునిగిపోకండి

ఆత్మపరిశీలనకు ఒక చీకటి పక్క ఉంది. 1999లో ట్రాప్‌నెల్, క్యాంప్‌బెల్ అనే పరిశోధకులు తన గురించి తాను ఆలోచించడంలో రెండు వేర్వేరు ధోరణులను విడదీసి చూపించారు. ఒకటి కుతూహలంతో చేసే పరిశీలన, ఇంకొకటి గాయాన్ని తిరగదోడుతూ అక్కడక్కడే తిరిగే మథనం. వాయిదా వేసేవారిలో చాలామంది రెండోదాన్ని మొదటిదనుకుని గంటలు గడుపుతారు. తేడా గుర్తించడానికి నేను చూసుకునే ఆనవాళ్లు రెండు. ఒకే వాక్యం మాటలు మారి మూడోసారి కాగితం మీదికి వస్తున్నట్టయితే అది మథనం. రాయడం పూర్తయ్యేసరికి రేపు ఒక చిన్న విషయాన్ని వేరుగా చేయవచ్చన్న ఆలోచన ఏదీ పుట్టకపోయినా అది మథనమే. అలాంటప్పుడు కలం కిందపెట్టి లేచి నడవాలి.

"నేనెందుకు ఇలా ఉన్నాను" అన్న ప్రశ్నకు దొరికే సమాధానాలు సాధారణంగా తిట్ల రూపంలో ఉంటాయి. దాని బదులు "ఆ క్షణంలో నేను దేని నుంచి పక్కకు తప్పుకున్నాను" అని అడగండి. అప్పుడు మీ రాతలన్నీ కొన్ని రకాలుగా విడిపోతాయి. నలుగురు ఏమంటారో, ఎక్కడ తప్పు పడతారో అన్న భయం ఒకటి. పని పేలవంగా ఉండడం వల్ల కలిగే విసుగు ఇంకొకటి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని అయోమయం మూడోది, ఉద్యోగాల్లో ఎక్కువగా కనబడేది ఇదే. నా మీదే ఎందుకు పడేశారన్న కోపం నాలుగోది. దుఃఖం ఐదోది, దీన్ని ఎవరూ వాయిదాకు కారణంగా గుర్తించరు.

ఈ విభజన వల్ల ప్రయోజనం ఏమిటంటే ఒక్కోదానికి మందు వేరు. విసుగుకు పనికివచ్చే ఉపాయం భయానికి పనికిరాదు. అయోమయంలో ఉన్న మనిషికి ధైర్యం చెప్పడం వృథా, అతడికి కావలసింది ఆ పని ఇంతకుముందు చేసిన మనిషితో పది నిమిషాల మాట. కోపంతో ఆపిన పనికి ఇంట్లోనో ఆఫీసులోనో జరగవలసిన సంభాషణ ఒకటి బాకీ ఉంటుంది. మన పెద్దకొడుకుకు కావలసింది టైమ్‌టేబుల్ కానే కాదు. చెల్లెలో అమ్మో పక్కన కూర్చుని ఉండగా ఆ పాసుపుస్తకం తెరిచి, ఆ ఫొటో గురించి కాసేపు మాట్లాడుకుని, ఆ తరువాతే కాగితాలు సర్దడం అతడికి మొదటి మెట్టు.

ఆరో అడుగు: జరిగిన ఆలస్యానికి మిమ్మల్ని మీరు క్షమించుకోండి

ఈ అడుగును మెత్తని మాటలుగా భావించి దాటవేసేవారు చాలామంది. మనల్ని మనం గట్టిగా తిట్టుకోకపోతే దారికి రామని పెద్దలు నూరిపోశారు కాబట్టి క్షమించుకోవడం అలుసుగా అనిపిస్తుంది. కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ వోల్, టిమొతీ పిచిల్, షానన్ బెనెట్ మొదటి సంవత్సరం విద్యార్థుల మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం దీనికి భిన్నమైన సంగతి చెప్పింది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తరువాతి పరీక్షకు వచ్చేసరికి తక్కువగా వాయిదా వేశారు. కారణం ఊహించడం కష్టం కాదు. తిట్టుకున్నకొద్దీ ఆ పని పేరు వినగానే కలిగే చేదు పెరుగుతుంది, చేదు పెరిగినకొద్దీ తప్పించుకోవాలన్న తపన పెరుగుతుంది.

క్షమించుకోవడం అంటే ఏమీ జరగలేదని అనుకోవడం కాదు. ఒక పేజీ తీసుకుని, ఆలస్యం వల్ల నిజంగా జరిగిన నష్టమేమిటో పెంచకుండా తగ్గించకుండా రాయండి. ఆ నష్టం ఇతరులకు కూడా తగిలి ఉంటే వారి పేర్లు రాసి, ముందు వారితో మాట్లాడండి. మీ వల్ల ఇబ్బంది పడిన మనిషికి ఒక్క మాట చెప్పకుండా మిమ్మల్ని మీరు క్షమించుకోవడం నిలబడదు. పరిశోధక విద్యార్థిని గైడ్‌కు పంపే సందేశం రెండు వాక్యాలు చాలు: "మేడమ్, అధ్యాయం ఇస్తానన్న తేదీ దాటిపోయింది, ఇన్నాళ్లూ మీకు చెప్పకపోవడం నా పొరపాటు. శుక్రవారం నాటికి మొదటి నాలుగు పేజీలు, ఎలా ఉన్నా సరే, మీకు పంపుతాను." సంజాయిషీలు అక్కర్లేదు. ఆరోగ్యం బాగాలేదనో కరెంటు లేదనో అబద్ధం కలిపితే ఆ అబద్ధమే మరుసటి వాయిదాకు కారణమవుతుంది.

ఏడో అడుగు: భావానికి తగిన మొదటి కదలికను ముందే రాసిపెట్టుకోండి

నాలుగో వారానికి కోర్సు మిమ్మల్ని ఇక్కడికి తీసుకురావాలి. తీసుకురాకపోతే మీరే మొదలుపెట్టండి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ చూపించిన మార్గం చాలా సాదాది. "ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను" అని సందర్భాన్నీ చర్యనూ జతచేసి ముందుగానే నిర్ణయించుకోవాలి. 1997లో ఆయన వెరోనికా బ్రాండ్‌స్టాటర్‌తో కలిసి విద్యార్థులకు ఒక పని ఇచ్చారు. క్రిస్మస్ ముందురోజు ఎలా గడిపారో రెండు రోజుల్లోపు రాసి పంపాలి. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది సమయానికి పూర్తిచేశారు. అలా నిర్ణయించుకోనివారిలో పూర్తిచేసింది మూడింట ఒక వంతు మందే. 2006లో గోల్‌విట్జర్, షీరన్ 94 పరీక్షలను కలిపి చూసినప్పుడు కూడా ఈ పద్ధతి బలంగానే నిలబడింది.

మీ నోటుపుస్తకంలోని రాతలే ఇక్కడ ముడిసరుకు. "రేపు అధ్యాయం రాస్తాను" అన్నది ప్రణాళిక కాదు. "రాత్రి కంచం కడిగి వచ్చాక ఫైలు తెరుస్తాను. ఎర్ర గీతలు చూసి కడుపులో తిప్పినట్టనిపిస్తే, ఆ ఫైలును అలాగే ఉంచి, కొత్త కాగితం మీద ఆ పేరాలో నేను చెప్పదలచుకున్నదాన్ని అమ్మకు చెబుతున్నట్టు ఐదు వాక్యాలు రాస్తాను" అన్నది ప్రణాళిక. ఇందులో చేదు భావం రాదన్న నమ్మకం లేదు. అది వస్తుందని ఒప్పుకుని, వచ్చినప్పుడు చేతులు ఏం చేయాలో చెప్పింది. పెద్దకొడుకు రాసుకునేది ఇంకా చిన్నగా ఉంటుంది: "ఆదివారం చెల్లె వచ్చినంక పాసుపుస్తకం ఇద్దరం కలిసి తీస్తం. ఆ దినం జిరాక్సులు తీయించుడే, ఆఫీసుకు పోవుడు లేదు."

మొదటి కదలిక పది నిమిషాలు దాటకూడదు, మరో మనిషి చూస్తే కంటికి కనబడేలా ఉండాలి. "ఆలోచిస్తాను", "సిద్ధపడతాను" వంటివి లెక్కలోకి రావు. పది నిమిషాలు అయ్యాక ఆపేయడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉండాలి. ఆ స్వేచ్ఛ నిజమైనది కాకపోతే మనసు మరునాడు ఆ పది నిమిషాలను కూడా నమ్మదు.

ఎనిమిదో అడుగు: మీరు వేసిన గడువును మీరే అనుమానించండి

1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ తమ పట్టా పరిశోధన వ్యాసం ఎన్ని రోజుల్లో ముగుస్తుందో విద్యార్థులను అడిగారు. వారి అంచనా సగటున 33.9 రోజులు. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగినప్పుడు చెప్పింది 48.6 రోజులు. నిజంగా పట్టింది 55.5 రోజులు. అంటే తమ అత్యంత నిరాశాజనకమైన లెక్క కంటే కూడా ఎక్కువ. గడువు దాటినప్పుడల్లా అది మీ స్వభావలోపం అనుకోకండి, మొదటే లెక్క తక్కువ వేసి ఉండవచ్చు. ఇంతకుముందు ఇలాంటి పని మీకు ఎన్ని రోజులు పట్టిందో డైరీలో, మెయిళ్లలో వెతికి, ఆ అంకెనే కొత్త గడువుగా పెట్టుకోండి.

తొమ్మిదో అడుగు: తోడును వాడుకోండి

కోర్సులో తోటి సభ్యుల బృందం ఉంటే ఒకరిని జతగా ఎంచుకుని వారానికి రెండుసార్లు వీడియో కాల్‌లో మౌనంగా ఎవరి పని వారు చేసుకోండి. మాటలు మొదట రెండు నిమిషాలు, చివర రెండు నిమిషాలు చాలు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మిత్రుడితో జత కుదిరితే సమయం తేడా చూసుకుని పెట్టుకోవచ్చు. ఫోన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. కాల్ లేకుండా ఒంటరిగా పని చేసుకునేటప్పుడు అది వేరే గదిలో ఉండాలి. టేబుల్ మీద బోర్లా పెట్టి ఉంచడం సరిపోదు.

జత కుదుర్చుకునేటప్పుడు మిమ్మల్ని మందలించే మనిషి కంటే, "ఈ వారం ఎక్కడ ఆగింది" అని మామూలుగా అడగగలిగే మనిషిని ఎంచుకోండి. భార్యాభర్తలు, తల్లిదండ్రులు ఈ పాత్రకు అంతగా సరిపోరు. వారికి మీ పని ఫలితంతో ప్రమేయం ఉంటుంది కాబట్టి వారి అడగడంలో ఆదుర్దా కలుస్తుంది.

పదో అడుగు: మధ్యలో ఆగిపోతే తిరిగి ఎలా చేరాలి

మూడో వారమో ఐదో వారమో మీరు ఆగిపోతారు. ఇది దాదాపు ఖాయం, దీనికి ముందుగానే సిద్ధపడాలి. రెండు వారాల పాఠాలు పేరుకుపోయాక చాలామంది మొదట అవన్నీ పూర్తిచేసి ఆ తరువాత అందరితో కలుద్దామనుకుంటారు, ఎప్పటికీ కలవరు. పేరుకుపోయినవాటిని వదిలేయండి. ఈ వారం పాఠాన్ని తెరవండి. ఆగిపోయిన రోజుల గురించి ఐదు విషయాలు రాసే పట్టికలో ఒక్క వరుస రాయండి, అంతే. ఆ ఆగిపోవడం కూడా మీ అలవాటు గురించిన సమాచారమే. కోర్సు నిర్వాహకులకు "ఆలస్యమైంది, ఈ వారం నుంచి మళ్లీ వస్తున్నాను" అని ఒక సందేశం పంపండి. మంచి కోర్సు అయితే అక్కడి మనిషి దాన్ని సంతోషంగా స్వీకరిస్తారు.

కోర్సు సరిపోని సందర్భాలు

ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కాకపోవడం, నిద్ర ఆకలి చెడిపోవడం, రెండు వారాలకు పైగా మనసు దిగులుగానే ఉండడం కనిపిస్తే అది వాయిదా అలవాటు కాకపోవచ్చు, కుంగుబాటు కావచ్చు. చిన్నప్పటి నుంచీ ఏ పనిమీదా మనసు నిలవక, వస్తువులు పోగొట్టుకుంటూ, మొదలుపెట్టిన పనులన్నీ సగంలో వదిలేస్తూ వచ్చినవారు ఏకాగ్రత లోపానికి సంబంధించిన ఏడీహెచ్‌డీ ఉందేమో మానసిక వైద్యుడి దగ్గర పరీక్ష చేయించుకోవాలి. ఇలాంటివాటికి ఆన్‌లైన్ కోర్సు వైద్యం కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నట్టయితే ఈ వ్యాసాన్ని పక్కనపెట్టి ఆ నంబరుకు ఇప్పుడే ఫోన్ చేయండి, లేదా ఇంట్లో ఒకరితో చెప్పి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

కోర్సు ముగిశాక

పది వారాల తరువాత రోజూ రాయనవసరం లేదు. వారానికి ఒక పేజీ చాలు, ఆదివారం సాయంత్రం అయితే చాలామందికి కుదురుతుంది. ఆ పేజీలో ఈ వారం దేని నుంచి పక్కకు తప్పుకున్నానో, అప్పుడు ఏమనిపించిందో, వచ్చే వారం మొదటి పది నిమిషాల కదలిక ఏమిటో రాయండి. మొదట ఎంచుకున్న పని కొలిక్కి వచ్చి ఉంటే రెండో పనిని అదే పట్టిక మీదికి తీసుకురండి. రాకపోయి ఉంటే కొత్త పనికి పోకుండా, మొదటి వారపు రాతలను ఇప్పటి రాతల పక్కన పెట్టి చదవండి. మీరు మొదట భయం అని రాసుకున్నది నిజానికి కోపమో దుఃఖమో అయి ఉండడం తరచుగా జరిగే విషయమే. అప్పుడు ఐదో అడుగుకు వెళ్లి అక్కడి నుంచి మళ్లీ చేయండి.